అమ్మ ఆరు నిమిషాల్లో 291 మీటర్లే నడిచింది, భయపడాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. ఉద్యోగం వల్ల నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. అమ్మకి 61 ఏళ్ళు, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. బీడీ, చుట్ట ఏనాడూ ముట్టలేదు గానీ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ కట్టెల పొయ్యి మీదే వంట. రెండేళ్ళ కిందట సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు సన్నబడే దీర్ఘకాలపు జబ్బు) అన్నారు. రోజూ ఇన్‌హేలర్ పీలుస్తోంది. మొన్న ఊదే పరీక్షలో ఎఫ్‌ఈవీ1 58 శాతం వచ్చింది. తర్వాత ఆరు నిమిషాల నడక పరీక్ష చేశారు. మొదట 268 మీటర్లు నడిచింది. అరగంట కూర్చోబెట్టి మళ్ళీ నడిపిస్తే 291. ఉండాల్సింది 511, వచ్చింది అందులో 57 శాతం అని రిపోర్టులో ఉంది. రక్తంలో ఆక్సిజన్ 95 శాతం నుంచి 87కి పడింది. చివర్లో ఆయాసం 4, కాళ్ళ అలసట 6 అని కూడా రాశారు.

అప్పట్నుంచీ అన్నయ్య అమ్మని వాకిలి దాటనివ్వడం లేదు. ఆక్సిజన్ మెషిన్ కొందామంటున్నాడు. మా వీధిలో ఒకాయనకి కూడా ఊపిరితిత్తులు 58 శాతమేనట, ఆయన పొలం వెళ్ళొస్తున్నాడు. అమ్మకే ఎందుకిలా? జబ్బు మనిషిని ఒకే రోజు రెండుసార్లు నడిపించడం అవసరమా, లేక బిల్లు కోసమా? ఇంకో ఆసుపత్రిలో సైకిల్ తొక్కించి చేసే పెద్ద పరీక్ష చేయించమన్నారు. చేయించాలా? ఇంట్లోనే చూసుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివర రాసి, మళ్ళీ ఎత్తని అంకె ఒకటుంది. కాళ్ళ అలసట 6. నాకు అన్నిటికంటే ముందు కళ్ళబడింది అదే. దాని గురించి వివరంగా చెప్తాను. ఈలోపు మీ అన్నయ్యకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: ఈ రిపోర్టు చూసి అమ్మని ఇంట్లో కూర్చోబెట్టడం తగదు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, తల్లి మీద ప్రేమ కొద్దీ చేస్తున్నదే. కానీ ఈ జబ్బులో అలా కూర్చోబెట్టిన ప్రతి నెలా మనిషి ఇంకాస్త బలహీనపడుతుంది.

ముందు మీ వీధిలోని ఆయన సంగతి. ఇద్దరికీ 58 శాతం వచ్చినప్పుడు ఇద్దరూ ఒకేలా నడవాలి కదా అనుకోవడం సహజం. అలా జరగదు. ఊదే పరీక్ష చెప్పేది ఒక్కటే: గుండెల నిండా గాలి పీల్చి గట్టిగా ఊదితే మొదటి సెకనులో ఎంత బయటికొచ్చింది అని. దాని పేరే ఎఫ్‌ఈవీ1. 58 శాతం అంటే ఆ మనిషికి ఉండాల్సినదాంట్లో 58 శాతమని. ఆ పరీక్ష కుర్చీలో కూర్చుని చేసేది. నడిచేటప్పుడు ఊపిరితిత్తులతో పాటు గుండె, రక్తం, తొడ కండరాలు, మోకాళ్ళు, మనసులోని భయం అన్నీ పనిచేస్తాయి. అందుకే ఎఫ్‌ఈవీ1 చూసి ఫలానా మనిషి ఇంత దూరం నడుస్తాడని ఏ డాక్టరూ చెప్పలేడు. 2004లో బార్టొలోమే సెల్లీ అనే వైద్యుడి బృందం ‘బోడ్’ అనే స్కోరు తయారుచేసింది. బరువు, ఊదే పరీక్ష, ఆయాసం, ఆరు నిమిషాల నడక, ఈ నాలుగూ కలిపి లెక్క వేస్తారు. ముందు 207 మంది మీద తయారుచేసి, తర్వాత 625 మంది మీద సరిచూశారు. సీఓపీడీ రోగి ముందు ముందు ఎలా ఉంటాడన్నది ఊదే పరీక్ష ఒక్కదానికంటే ఈ నాలుగూ కలిపితేనే బాగా తెలిసింది. నడక పరీక్షకి అంత విలువ ఉంది. మీ డాక్టర్ దాన్ని రాయడం మంచి పని.

నడిస్తే ఆయాసం ఎందుకొస్తుందో కూడా తెలిస్తే మీ అన్నయ్యకి సగం టెన్షన్ తగ్గుతుంది. సీఓపీడీలో అసలు ఇబ్బంది గాలి లోపలికి పోవడంలో కంటే బయటికి రావడంలో ఉంటుంది. గొట్టాలు సన్నబడి ఉంటాయి కాబట్టి గాలి మెల్లగా వదలాలి. నడక వేగం పెరిగితే ఊపిరి వేగం పెరుగుతుంది, వదలడానికి దొరికే టైమ్ తగ్గిపోతుంది. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త గాలి వచ్చి చేరుతుంది. బస్సులో దిగేవాళ్ళు దిగకముందే ఎక్కేవాళ్ళు తోసుకొస్తే ఎలా ఉంటుందో ఛాతీలో అలా ఉంటుంది. పీల్చుకోవడానికి చోటు ఉండదు. అందుకే అమ్మ ‘ఊపిరి అందట్లేదు’ అంటుంది. నిలబడి, పెదాలు గుండ్రంగా చేసి నెమ్మదిగా ఊదుతూ వదిలితే నిల్వ ఉన్న గాలి బయటికి పోయి తేరుకుంటుంది. అంటే ఆ ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఊపిరితిత్తి కొత్తగా దెబ్బ తింటోందని అర్థం కాదు. చాలామంది ఇళ్ళల్లో ఈ ఒక్క అపోహ వల్లే రోగిని మంచానికి అతికిస్తున్నారు.

ఇక రెండుసార్లు నడిపించడం గురించి. మీరు అనుమానపడటంలో తప్పు లేదు, అనవసరపు పరీక్షలు రాసే చోట్లు ఉన్నాయి. కానీ ఇక్కడ వాళ్ళు చేసింది పద్ధతి ప్రకారమే. ఈ పరీక్ష మొదటిసారి చేసేవాళ్ళకి ఎంత వేగంగా నడవాలో, ఎక్కడ ఆగాలో తెలియదు. రెండోసారికి తెలుస్తుంది. సగటున పాతిక మీటర్లకి పైగా ఎక్కువ నడుస్తారు. అందుకే యూరప్, అమెరికా శ్వాసకోశ వైద్య సంఘాలు కలిసి 2014లో ఇచ్చిన ప్రమాణాల్లో రెండుసార్లు నడిపించాలి, మధ్యలో అరగంట విశ్రాంతి ఇవ్వాలి, రెండిట్లో ఎక్కువ వచ్చినదే రాయాలి అని ఉంది. మీ అమ్మగారు రెండోసారి 23 మీటర్లు ఎక్కువ నడిచారు. సరిగ్గా అందరికీ జరిగేదే జరిగింది.

మరి దీనివల్ల ఒరిగేదేమిటి అంటారా? ఈ పరీక్షలో సుమారు 30 మీటర్ల తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా లెక్కిస్తాం. అంతకు తక్కువైతే పట్టించుకోం. ఒకవేళ ఆ రోజు ఒక్కసారే నడిపించి 268 అని రాసి పంపేశారనుకోండి. మూడు నెలల తర్వాత అమ్మ కేవలం అలవాటు వల్ల 300 నడిస్తే, ‘మందు బాగా పనిచేసింది’ అని అందరం సంబరపడతాం. నిజానికి ఏమీ మారి ఉండదు. మొదటి రోజు పడిన ఆ రెండో నడక శ్రమ అంతా రాబోయే పరీక్షల్ని నమ్మదగ్గవిగా చేయడానికే. ఒక్కసారి నడిపించి ఊరుకునే ఆసుపత్రులే ఎక్కువ. మీకు దొరికినవాళ్ళు శ్రద్ధ ఉన్నవాళ్ళు.

ఈ నడక పరీక్ష చూడ్డానికి చాలా సాదాగా ఉంటుంది, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. 30 మీటర్ల చదునైన వరండా, రెండు చివర్లా రెండు కోన్లు, ఒక స్టాప్‌వాచ్, వేలికి పెట్టే ఆక్సిమీటర్, ఒక కుర్చీ. 291 మీటర్లంటే మీ అమ్మగారు ఆ వరండా పొడవు తొమ్మిదిసార్లు పూర్తిగా నడిచి, పదోసారి 21 మీటర్ల దగ్గర ఉండగా టైమ్ అయిపోయిందన్నమాట. వరండా 30 మీటర్లు కాకుండా 10 మీటర్లే ఉంటే ఆవిడే ఇంకా తక్కువ నడిచేవారు. మాటిమాటికీ ఆగి తిరగాల్సి వస్తుంది కాబట్టి. పరీక్ష చేసేవాళ్ళు పక్కన నడవకూడదు, పక్కన నడిస్తే రోగి వాళ్ళ వేగాన్ని అందుకోవాలని చూస్తారు. నిమిషానికొకసారి ‘బాగా నడుస్తున్నారు, ఇంకా నాలుగు నిమిషాలుంది’ లాంటి మాట తప్ప మధ్యలో హుషారు చేయకూడదు. రోగి అలసిపోతే ఆగవచ్చు, గోడకి ఆనుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఈ నియమాలన్నీ ఎందుకంటే, పక్కన కూతురు నిలబడి ‘ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం’ అంటే దూరం పెరుగుతుంది. పెరిగింది ఆవిడ శక్తి కాదు. మళ్ళీసారి పరీక్షకి మీరు వెంట వెళ్తే దయచేసి మౌనంగా కూర్చోండి.

ఈ పరీక్ష పుట్టుక కూడా ఇంట్లో చెప్పండి, కొత్తగా కనిపెట్టిన వ్యాపారం కాదని తెలుస్తుంది. 1968లో కెన్నెత్ కూపర్ అమెరికా వైమానిక దళంలో మనుషుల దారుఢ్యం చూడ్డానికి 12 నిమిషాల పరుగు పెట్టాడు. 1976లో బ్రిటన్ వైద్యులు దాన్ని దీర్ఘకాలపు బ్రాంకైటిస్ (గాలి గొట్టాల వాపు) రోగుల కోసం 12 నిమిషాల నడకగా మార్చారు. ఆయాసంతో ఉన్నవాళ్ళకి 12 నిమిషాలు మరీ ఎక్కువని, ఆరు నిమిషాల్లోనూ దాదాపు అదే సంగతి తెలుస్తుందని 1982లో తేల్చారు. అప్పట్నుంచీ ప్రపంచమంతా ఇదే వాడుతోంది.

511 అన్న అంకె మిమ్మల్ని బాగా భయపెట్టినట్టుంది. అది ఎక్కడిదో చెప్తాను. 1998లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని నడిపించి ఎత్తు, బరువు, వయసు బట్టి ఒక సూత్రం కట్టారు. మీరు రాసిన 152, 54, 61 అందులో వేసి చూశాను, సరిగ్గా 511 వచ్చింది. మీ ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉన్నది ఆ సూత్రమే. మన దేశంలో ఆరోగ్యవంతులు కూడా అటువైపు సూత్రాలు చెప్పినంత దూరం నడవకపోవడం తరచూ చూస్తూనే ఉంటాం. పైగా ఆ సూత్రంలోనే ఆడవాళ్ళు చెప్పిన దూరానికి 139 మీటర్లు తక్కువ నడిచినా మామూలు కిందే లెక్క అని ఉంది. అంటే 372 దాకా ఫరవాలేదు. మీ అమ్మగారిది 291, దానికీ కిందే ఉంది, కాబట్టి అంతా బాగుందని నేను చెప్పను. నడక శక్తి తగ్గిన మాట నిజం. కానీ ‘57 శాతం’ చూసి ఊపిరితిత్తులు 43 శాతం పోయాయని లెక్క కట్టొద్దు. ఇకమీదట అమెరికా 511 పక్కన పెట్టండి. మీకు కావలసిన కొలబద్ద 291. వచ్చేసారి అది ఎంతవుతుందన్నదే ముఖ్యం.

ఇప్పుడు ఆ 6 దగ్గరికి వద్దాం. నడక ఆగగానే చేతికి ఒక చార్టు ఇచ్చి ఆయాసం ఎంత, కాళ్ళ అలసట ఎంత అని విడివిడిగా అడుగుతారు. 0 అంటే అసలు లేదు, 10 అంటే ఇక తట్టుకోలేను. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేసిన కొలత ఇది. చాలాచోట్ల చార్టు చూపించకుండా ‘పదికి ఎంతమ్మా?’ అని అడిగేస్తారు, చదువురాని పెద్దవాళ్ళు నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు. మీ అమ్మగారి విషయంలో రెండు అంకెలు వేరువేరుగా వచ్చాయంటే ఎవరో ఓపిగ్గా అడిగారనే అనుకుంటున్నాను. ఆయాసం 4 అంటే ఓ మోస్తరు కంటే కాస్త ఎక్కువ. కాళ్ళు 6 అంటే బాగా ఎక్కువ. అంటే ఊపిరి కంటే ముందు కాళ్ళు మొండికేశాయి.

ఇది ఎలా జరుగుతుందో మీ ఇంట్లోనే చూసుకోండి. రెండేళ్ళ కిందట జబ్బు పేరు తెలిసింది. అప్పట్నుంచీ బిందె ఇంకెవరో ఎత్తి ఉంటారు, దొడ్లో పని కోడలు అందుకుని ఉంటుంది, బజారుకి అన్నయ్య వెళ్ళి ఉంటాడు. ‘నువ్వు కూర్చోమ్మా’ అన్న మాట రోజుకి పదిసార్లు వినిపించి ఉంటుంది. ఆవిడకీ ఆయాసం అంటే భయం కాబట్టి కూర్చునే ఉంటారు. వాడని తొడ కండరం సన్నబడుతుంది. సన్నబడిన కండరం కొద్దిపాటి నడకకే అలసిపోతుంది, అదే పనికి ఊపిరి మీద ఎక్కువ భారం వేస్తుంది. దాంతో ఆయాసం ఇంకా ముందే వస్తుంది, ఇంకాస్త కూర్చుంటారు. మీ వీధిలోని ఆయన పొలం వెళ్ళి వస్తున్నారు కాబట్టే ఇంకా వెళ్ళగలుగుతున్నారేమో. సన్నబడ్డ గొట్టాల్ని మందు కొంతవరకే తెరుస్తుంది. కాలి కండరాన్ని మాత్రం 61 ఏళ్ళ వయసులోనూ తిరిగి పెంచవచ్చు. పల్మనరీ రిహాబిలిటేషన్ అనే వ్యాయామ చికిత్స చేసేది ప్రధానంగా ఇదే. ఆరు నుంచి పన్నెండు వారాలు, వారానికి రెండు మూడుసార్లు, ఫిజియోథెరపిస్ట్ దగ్గర. దానివల్ల ఎఫ్‌ఈవీ1 ఏమీ పెరగదు, ఆ 58 అలాగే ఉంటుంది. నడిచే దూరం పెరుగుతుంది, ఆయాసం తగ్గుతుంది. అందుకే దాని ఫలితం ఊదే పరీక్షలో వెతక్కూడదు, వరండాలో వెతకాలి.

ఆక్సిజన్ మెషిన్ సంగతి. కూర్చుని ఉన్నప్పుడే ఆక్సిజన్ 88 లేదా అంతకంటే తక్కువ ఉండే సీఓపీడీ రోగులకి ఇంట్లో రోజుకి 15 గంటలకి తక్కువ కాకుండా ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని చాలాకాలంగా తెలుసు. మీ అమ్మగారికి కూర్చుంటే 95 ఉంది. నడిస్తేనే 87కి దిగింది. ఇలాంటివాళ్ళకి కూడా ఆక్సిజన్ పెడితే మేలా అని అమెరికాలో 738 మంది మీద పెద్ద అధ్యయనం చేసి 2016లో ఫలితం చెప్పారు. పెట్టినవాళ్ళకీ పెట్టనివాళ్ళకీ ప్రాణాల విషయంలో గానీ, ఆసుపత్రిలో చేరాల్సి రావడంలో గానీ తేడా కనిపించలేదు. కాబట్టి ఈ రిపోర్టు ఒక్కటీ చూసి మెషిన్ కొనకండి. ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. ఇంకో సంగతి, పొయ్యి వెలిగే ఇంట్లో ఆక్సిజన్ పెట్టడం అగ్గితో చెలగాటం. ముందు పొయ్యి పోవాలి. ఇదంతా సీఓపీడీకి చెప్పిన మాట. లంగ్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు నా జవాబు చదివి మెషిన్ మానేయకూడదు.

అయితే 87ని పూర్తిగా వదిలేయమని కూడా అనను. కట్టెల పొగ వల్ల వచ్చే సీఓపీడీలో గొట్టాల జబ్బు ఎక్కువ, గాలి గదులు చిరిగిపోవడం తక్కువగా ఉంటుంది. 58 శాతం ఉన్న అలాంటి మనిషికి నడకలో ఎనిమిది పాయింట్లు పడితే, వేరే కారణం కూడా ఏమైనా తోడైందా అని చూడాలనిపిస్తుంది. మొదట ఆ 87 నిజమేనా? ఆక్సిమీటర్ చేయి ఊగుతున్నా, వేలు చల్లగా ఉన్నా, గోరుకి రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. రెండు నడకల్లోనూ అలాగే పడిందా అని అడగండి. రెండిట్లోనూ పడితే నిజమే అనుకుని, గుండెకి ఎకో (స్కాన్) చేయించాలా, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి గాలి ఎంత చేరుతోందో చూసే డీఎల్‌సీఓ పరీక్ష చేయించాలా అని మీ డాక్టర్‌ని అడగండి. దాంతోపాటు హిమోగ్లోబిన్. దీన్ని ఎందుకు ప్రత్యేకంగా చెప్తున్నానంటే మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలుసు. రక్తం తక్కువైతే ఆక్సిమీటర్ మంచి అంకే చూపిస్తుంది, మనిషి మాత్రం నాలుగడుగులకే అలసిపోతుంది. ఊపిరితిత్తుల మీదకి నెపం నెట్టేసి రక్తం చూడకుండా వదిలేసిన కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. తక్కువ ఖర్చు పరీక్ష, ముందు ఇదే చేయించండి.

సైకిల్ పరీక్ష గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఇప్పుడు అక్కర్లేదు. ముక్కూ నోరూ మూసే మాస్క్ పెట్టి, ఛాతీకి ఈసీజీ వైర్లు తగిలించి, భారం మెల్లగా పెంచుతూ సైకిల్ తొక్కిస్తారు. ఒంట్లో ఎంత ఆక్సిజన్ ఖర్చవుతోందో ప్రతి ఊపిరికీ కొలుస్తారు. ఎక్కడ ఆగిపోతున్నారు, గుండె దగ్గరా, ఊపిరితిత్తుల దగ్గరా, కాళ్ళ దగ్గరా అన్నది దీనిలో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేసే ఆపరేషన్‌కి ముందు, లేదా అన్ని పరీక్షలూ బాగున్నా ఆయాసం ఎందుకొస్తోందో అంతు పట్టనప్పుడు అది చాలా విలువైనది. మీ అమ్మగారికి జబ్బు పేరు తెలుసు, ఆపరేషన్ మాట లేదు. జన్మలో సైకిల్ ఎక్కని మనిషి పెడల్ మీద కాళ్ళు నొప్పి పుట్టి మధ్యలో దిగిపోతే ఆ రిపోర్టుతో ఏం చేస్తాం? పైగా సీఓపీడీలో ఆక్సిజన్ పడిపోవడం సైకిల్ మీద కంటే నడకలోనే బాగా బయటపడుతుంది. ఎకో, డీఎల్‌సీఓ చూశాక కూడా లెక్క తేలకపోతే అప్పుడు ఆలోచించండి.

ఎవరైనా షటిల్ వాక్ అంటే మాత్రం కాదనకండి. అది 1992లో శాలీ సింగ్ బృందం బ్రిటన్‌లో తెచ్చిన పరీక్ష. పది మీటర్ల దారిలో బీప్ మోగే లోపు అటు చేరాలి, నిమిషానికోసారి బీప్‌ల వేగం పెరుగుతుంది, అందుకోలేకపోతే ఆపేస్తారు. రిహాబిలిటేషన్ నడిపే చోట్ల దీన్ని ఇష్టపడతారు. కాకపోతే 291తో పోల్చడానికి అది పనికిరాదు, దాని లెక్క దానిదే.

ఇంట్లో చూసుకోవడానికి వీధిలో ఆరు నిమిషాలు నడిపించకండి. గతుకుల దారిలో, పలకరించేవాళ్ళ మధ్య వచ్చే అంకె దేనికీ పోలదు. అంతకంటే తేలికైనది కుర్చీ పరీక్ష. చేతులు లేని మామూలు ఎత్తు కుర్చీ గోడకి ఆనించి పెట్టండి. చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని, చేతి ఊతం లేకుండా ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఎప్పుడూ అదే కుర్చీ. మూడుసార్లు తేడా వస్తే దాన్ని పట్టించుకోవాలి, ఒకటీ రెండూ పెరిగినా తగ్గినా వదిలేయండి. ఆపాక ఒకటి రెండు నిమిషాలు ఆక్సిమీటర్ తీయకండి, అంకె అడుగుకి చేరేది చాలాసార్లు కూర్చున్న తర్వాతే. మోకాళ్ళ నొప్పి ఉంటే ఈ పరీక్ష ఆవిడ ఊపిరిని కాక మోకాళ్ళని కొలుస్తుంది, అప్పుడు మానేయండి. ఆక్సిజన్ ఎంతకు పడితే ఆగిపోవాలో మీ డాక్టర్ చేత రాయించుకున్నాకే మొదలుపెట్టండి. ఒంటరిగా ఉన్నప్పుడు వద్దు. నెలకోసారి చాలు. రోజూ వేలికి క్లిప్ పెట్టి అంకెలు చూసుకుంటూ కూర్చునే అలవాటు చేయకండి, దానివల్ల ఆయాసం కంటే ముందు గుండెదడ వస్తుంది.

రోజువారీ నడక మాత్రం ఆపొద్దు. ఆ 291లోంచే దాని మోతాదు కూడా తీయవచ్చు. ఆరు నిమిషాలకి 291 అంటే నిమిషానికి 48 మీటర్లు దాటింది. అందులో 80 శాతం వేగంతో మొదలుపెట్టడం రిహాబిలిటేషన్ సెంటర్లలో వాడుకలో ఉన్న పద్ధతి. అంటే నిమిషానికి దాదాపు 39 మీటర్లు, పది నిమిషాలకి 390. ఇంటి ముందు టేపుతో 39 మీటర్లు కొలిచి రెండు చోట్ల ముగ్గుతో గీత గీయండి. ఈ గీత నుంచి ఆ గీతకి ఒక నిమిషం. మధ్యలో ఆగాల్సి వస్తే ఆగనివ్వండి, తేరుకున్నాక మళ్ళీ. ఆయాసం 3, 4 దగ్గర ఉండాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత అన్నమాట. ఉదయపు మంచు, చెత్త తగలబెట్టే పొగ లేని టైమ్ చూసుకోండి. మీ డాక్టర్ సరే అన్నాక వారానికి కొంచెం కొంచెం నిమిషాలు పెంచండి. పక్కన మీ అన్నయ్యనే నడవమనండి. ఆపడానికి పెట్టే శ్రద్ధ తోడు నడవడానికి పెడితే ఆయన కంగారు కూడా తగ్గుతుంది.

పొగ గురించి ఒక్క ప్రశ్న. వంట గ్యాస్ మీదకి మారిందని మీరు రాయలేదు. మారినా, స్నానాల నీళ్ళు ఇంకా కట్టెల మీదే కాగుతున్నాయా? చాలా ఇళ్ళల్లో అదే జరుగుతోంది, ఆ పొయ్యి ఊదేది ఈ మనిషే అవుతుంది. ఇన్‌హేలర్‌కి పెట్టే డబ్బు ఆ పొయ్యిలో పడుతున్నట్టే. నీళ్ళకి కూడా గ్యాసో, హీటరో పెట్టండి.

తర్వాతి పరీక్ష వ్యాయామం మొదలుపెట్టిన రెండు మూడు నెలలకి, అదే ఆసుపత్రిలో, అదే వరండాలో చేయించండి. అవే చెప్పులు, వీలైతే అదే పూట, ఇన్‌హేలర్ పీల్చిన తర్వాత అంతే విరామం. జలుబు చేసి కళ్ళె రంగు మారి ఉంటే వాయిదా వేయండి. పాత రిపోర్టు పట్టుకెళ్ళండి. 320 దాటితే నిజంగా పెరిగినట్టు. పెరగకపోయినా కాళ్ళ అలసట 6 నుంచి 3కి దిగితే అదీ నాకు సంతోషమే, ఆ అంకె కూడా రాయించుకోండి.

ఈలోపు నడకలో ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడబోయినా, పెదాలు నీలంగా మారినా, కాళ్ళు రెండూ వాచినా, కూర్చున్నప్పుడు కూడా 90కి కింద చూపిస్తూ పైకి రాకపోయినా నడక ఆపేసి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. రాత్రి వేళ అయినా తెల్లారేదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి.